ఇందిరానగర్‌లో పజిళ్ల బల్ల: నలుగురం, మూడు శనివారాలు, ఒక అచ్చుతప్పు

లోపలికి అడుగుపెట్టగానే మన ఫోన్లన్నీ తీసుకుని ఒక చిన్న చెక్కపెట్టెలో పెట్టి తాళం వేస్తారు; తాళంచెవిని మాత్రం మన చేతికే ఇస్తారు. ఎప్పుడు కావాలంటే అప్పుడు పెట్టె తెరుచుకోవచ్చు గానీ, తెరిచిన క్షణం నుంచి చేతిలో ఉన్న పజిల్‌కు మార్కులు పడవు. బెంగళూరు ఇందిరానగర్ మెట్రో స్టేషన్ నుంచి నడిచి వెళ్ళగలిగినంత దూరంలో, ఒక పాత ఇంటి మేడమీద నడుస్తున్న ఈ పజిళ్ల కేఫ్‌కు మేము నలుగురం వరుసగా మూడు శనివారాలు వెళ్ళి వచ్చాం. మెచ్చుకోవలసిన సంగతులు చాలా ఉన్నాయి. నొచ్చుకున్న సంగతులు కూడా ఉన్నాయి, వాటిని దాచకుండా రాయదలచాను కాబట్టి ఆ చోటి పేరు మాత్రం ఇక్కడ చెప్పడం లేదు.

మా నలుగురి గురించి కొంత చెప్పాలి, ఎందుకంటే ఇలాంటి చోటు ఎవరికి ఎలా అనిపిస్తుందన్నది ఎవరితో వెళ్ళారన్న దాని మీద చాలావరకు ఆధారపడి ఉంటుంది. నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను. రాసిన వాక్యంలో సందు ఎక్కడుందో వెతకడానికే నాకు జీతం ఇస్తారు. మా బావమరిది కాడుగోడిలో ఉంటాడు, ఉద్యోగాల వేటలో ఉన్న రోజుల్లో ఇంటర్వ్యూల కోసం వందల కొద్దీ పజిళ్లు బట్టీ పట్టినవాడు. మారతహళ్లిలో ఉండే కడప మిత్రుడిది వ్యాపార కుటుంబం. చిన్నతనమంతా వాళ్ళ నాన్నగారి కిరాణా కొట్లో గడిచింది. నాలుగో మనిషి గుంటూరు నుంచి వచ్చి ఇక్కడ ఒక స్కూల్లో లెక్కలు చెబుతున్న మిత్రురాలు. వయసులో మాకంటే చిన్నవారైనా మేమంతా ఆవిడను టీచరుగారనే పిలుస్తాం.

బల్లకు నలుగురి నుంచి ఆరుగురి దాకా కూర్చోవచ్చు. మనిషికి 450 రూపాయలు, సమయం రెండున్నర గంటలు, కాఫీ తిండి ఖర్చు వేరు. కూర్చోగానే మందపాటి కవరులో ఆరు కార్డులు ఇస్తారు. మొదటి రెండూ నడుము సాగదీసుకోవడానికి, చివరి రెండూ నడుము విరగ్గొట్టడానికి. జవాబులు అంటించిన వేరే కవర్లలో నిర్వాహకుడి దగ్గర ఉంటాయి. ప్రతి కార్డుకూ మూడు క్లూలు ఉంటాయి, అడిగిన ప్రతి క్లూకూ మార్కులు తగ్గుతాయి. ఆ మార్కులతో ఒరిగేదేమీ లేదు, నెలాఖరున గోడ మీది బోర్డులో బల్ల పేరు రాస్తారు, అంతే. అయినా ఆ బోర్డు కోసం నలభై ఏళ్ళకు దగ్గరపడుతున్న మనుషులు పడిన ఆరాటం చెప్పుకుంటే సిగ్గుచేటు.

కార్డులన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయి. ఇన్ని భాషలవాళ్ళు వచ్చే ఊళ్ళో అది అర్థం చేసుకోదగినదే. కానీ మా బల్ల దగ్గర మొదటి రోజే ఒక అలవాటు ఏర్పడింది: ఒకరు కార్డు చదివి తెలుగులో చెబుతారు, మిగిలిన ముగ్గురూ కార్డు చూడకుండా వింటారు. ఇలా చేయడం వల్ల మేము అనుకోని లాభం ఒకటి, అనుకోని తగాదా ఒకటి పొందాం, రెండూ ఒకే కార్డుతో. అది నిజాలకోర్ల, అబద్ధాలకోర్ల దీవి పజిల్. అమెరికా తర్కశాస్త్రవేత్త రేమండ్ స్మల్యన్ (1919–2017) ఇలాంటివి వందల కొద్దీ అల్లి ప్రసిద్ధి చేశాడు. ఆ దీవిలో కొందరు ఎప్పుడూ నిజమే చెబుతారు, మిగిలినవారు ఎప్పుడూ అబద్ధమే చెబుతారు. అక్కడికి వెళ్ళిన యాత్రికుడికి ఇద్దరు ఎదురవుతారు, వారిలో మొదటివాడు యాత్రికుడితో ఒక్క వాక్యం అంటాడు. మా కడప మిత్రుడు దాన్ని గబగబా తెలుగు చేసి, "మనలో కనీసం ఒకరు అబద్ధాలకోరు" అన్నాడు. వెంటనే మా బావమరిది, "మనలో అంటే యాత్రికుణ్ణి కూడా కలుపుకునా అన్నా?" అని అడిగాడు.

నవ్వుకున్నాం గానీ, ఆ ప్రశ్న చాలా సరైనది. "మాలో ఒకరు" అంటే ఆ ఇద్దరే. మొదటివాడు అబద్ధాలకోరైతే అతని మాట నిజమైపోతుంది, అది కుదరదు. కాబట్టి అతను నిజాలకోరు, రెండోవాడు అబద్ధాలకోరు, పజిల్ అయిపోయింది. "మనలో ఒకరు" అంటే వింటున్న యాత్రికుడు కూడా లెక్కలోకి వస్తాడు. అప్పుడు మొదటివాడు నిజాలకోరని మాత్రమే తేలుతుంది, రెండోవాడు ఎవరన్నది ఎంత ఆలోచించినా తేలదు. ఇంగ్లీషు కార్డులో రెండింటికీ ఒకటే మాట ఉంది, చదివేవాడు ఏది అనుకుంటే అది. నిర్వాహకుణ్ణి పిలిచి ఈ సందేహం చెప్పాం. అతను కన్నడిగుడు, తెలుగు కొద్దిగా అర్థమవుతుంది. కాసేపు ఆలోచించి, కన్నడంలో కూడా రెండింటికీ "నావు" అనే అంటామని, అందుకే ఇన్ని నెలల్లో తనకు ఈ సందేహం రాలేదని చెప్పి, ఆ పక్క బల్ల తమిళులు మాత్రం ఒకసారి ఇదే అడిగినట్టు గుర్తుందన్నాడు. తమిళంలోనూ మనకున్నట్టే రెండు వేర్వేరు మాటలు ఉన్నాయి కదా. చిన్నప్పుడు వ్యాకరణం తరగతిలో నిద్రపోయిన నాకు, మేముకూ మనకూ ఉన్న తేడా ఇంత బరువైనదని ఇందిరానగర్‌లో తెలిసింది.

అదే రోజు మరో కార్డులో దీనికి ఎదురు అనుభవం ఎదురైంది. అందరికీ తెలిసిన పాత ప్రశ్నే: తండ్రీ కొడుకులు ప్రయాణిస్తున్న కారుకు ప్రమాదం జరిగి తండ్రి అక్కడికక్కడే చనిపోయాడు, కొడుకును ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్తే అక్కడి డాక్టరు "వీడు నా కొడుకు, నేను కత్తి పట్టలేను" అని వెనక్కి తగ్గారు, ఇదెలా సాధ్యం? డాక్టరు ఆ పిల్లవాడి తల్లి అన్నదే జవాబు. ఇంగ్లీషు క్రియకు ఆడా మగా లేదు కాబట్టి అక్కడ రహస్యం నిలుస్తుంది. తెలుగులో చెప్పేవాడు "డాక్టరు అంది" అంటే రహస్యం బయటపడుతుంది, "అన్నాడు" అంటే పజిల్ పట్ల అబద్ధమాడినట్టవుతుంది. ఆ రోజు చదివే వంతు టీచరుగారిది. ఆవిడ తడుముకోకుండా "డాక్టరుగారు అన్నారు" అని చెప్పి ముందుకు సాగిపోయారు. మన గౌరవవాచకం ఇంత నేర్పుగా రహస్యం దాచగలదని నేనెప్పుడూ అనుకోలేదు. ఇంకా తమాషా ఏమిటంటే, అంత గౌరవంగా "అన్నారు" అన్నా సరే, మా ముగ్గురి ఊహలోనూ తెల్లకోటు వేసుకుని నిలబడింది మగ డాక్టరే.

ఇక ఈ చోటుకు పేరు తెచ్చిన కార్డు గురించి. బల్ల మీద నిజమైన చిన్న త్రాసు పెట్టి, 1 నుంచి 12 దాకా అంకెలు చెక్కిన ఇత్తడి బిళ్ళలు ఇస్తారు. పదకొండు బిళ్ళలు సమానమైన బరువు. ఒకటి మాత్రం తేడా, అది ఎక్కువ బరువో తక్కువ బరువో చెప్పరు. మూడే మూడు తూకాల్లో ఆ బిళ్ళ ఏదో, బరువు ఎటువైపు తేడానో తేల్చాలి. దీన్ని కాగితం మీద చేయడం వేరు, చేత్తో బిళ్ళలు పట్టుకుని చేయడం వేరు. బావమరిది అందరిలాగే మొదట ఆరూ ఆరూ పెడదామన్నాడు. టీచరుగారు కాగితం తీసి, బిళ్ళల జోలికి పోకుండా అవకాశాలు లెక్క కట్టడం మొదలుపెట్టారు. పన్నెండు బిళ్ళల్లో ఏదైనా కావచ్చు, ఎక్కువైనా తక్కువైనా కావచ్చు, అంటే మొత్తం 24 అవకాశాలు. ఒక్కో తూకానికి మూడు ఫలితాలు: ఎడమ దిగడం, కుడి దిగడం, ముల్లు మధ్యలో నిలవడం. మూడు తూకాలకు 27 ఫలితాలు, రెండు తూకాలకు 9. కాబట్టి మొదటి తూకం తర్వాత 9 కంటే ఎక్కువ అవకాశాలు మిగిలితే పని అక్కడితో చెడినట్టే. ఆరూ ఆరూ పెడితే ముల్లు మధ్యలో నిలిచే అవకాశమే లేదు, ఎటు దిగినా 12 మిగులుతాయి. అయిదూ అయిదూ పెట్టినప్పుడు ఒక పక్క దిగితే 10. మూడూ మూడూ పెట్టినప్పుడు సమానంగా నిలిస్తే బయటున్న ఆరింటికి 12. నాలుగూ నాలుగూ పెడితే మాత్రం ఏం జరిగినా సరిగ్గా 8. ఏ దారి పట్టాలో చెప్పకుండా, పట్టకూడని దారులన్నీ మూసేసిన ఆ పది నిమిషాలు ఈ మూడు శనివారాల్లోకెల్లా నాకు బాగా నచ్చిన సమయం.

తర్వాతి భాగం మాకు దాదాపు గంట తీసుకుంది. ముల్లు మధ్యలో నిలిస్తే దారి సులువే: బయట మిగిలిన నాలుగింటిలో మూడింటిని, మంచివని తేలిన మూడింటితో తూచాలి. ఒక పక్క దిగితేనే తంటా. మా త్రాసు ఎడమకు దిగింది. అంటే 1 నుంచి 4 లోపు ఒకటి ఎక్కువ బరువైనా అయి ఉండాలి, లేదా 5 నుంచి 8 లోపు ఒకటి తక్కువ బరువైనా అయి ఉండాలి. అప్పుడు బిళ్ళలను కేవలం తీసేయడం కాదు, ఒక పళ్ళెంలోంచి మరో పళ్ళెంలోకి మార్చడం కూడా ఒక ప్రశ్నే అవుతుందని తట్టాలి. 1, 2, 5 ఒక పక్క, 3, 4, 6 మరో పక్క పెట్టి, 7, 8 లను పక్కన ఉంచితే, ఏ ఫలితం వచ్చినా మూడో తూకానికి మూడుకు మించి అవకాశాలు మిగలవు. ఇది కనిపెట్టింది టీచరుగారు కాదు, కడప మిత్రుడు. కొట్లో తూకం తేడా వచ్చినప్పుడు రాళ్ళు అటువి ఇటు మార్చి చూడటం వాళ్ళ నాన్నగారి అలవాటట.

ఇక్కడే మొదటి ఫిర్యాదు కూడా చెప్పాలి. మా మొదటి ప్రయత్నంలో ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగలేదు. లెక్క తప్పిందేమో అని మేము మళ్ళీ మళ్ళీ చూసుకుంటుంటే, కడప మిత్రుడు రెండు పళ్ళేలూ ఖాళీ చేసి ముల్లు వైపు చూశాడు. ఖాళీ త్రాసే వెంట్రుకవాసి కుడికి ఒరిగి ఉంది. "పాసంగం లేకుండా తూకమేంటి?" అని, జేబులోంచి బస్సు టికెట్టు తీసి నాలుగు మడతలు పెట్టి ఎడమ పళ్ళెంలో వేశాడు, ముల్లు మధ్యకు వచ్చి నిలిచింది. మూడే తూకాలు అనే షరతు మీద నడిచే ఆటలో త్రాసును రోజూ సరిచూసుకోకపోవడం చిన్న తప్పు కాదు. నిర్వాహకుడికి చెబితే ఆ సాయంత్రమే వేరే త్రాసు తెచ్చి పెట్టాడు, మాకు తూకాలన్నీ తిరిగి ఇచ్చాడు. అయితే మాకంటే ముందు ఎన్ని బల్లలవాళ్ళు తమ బుర్రను తాము తిట్టుకుని ఇంటికి వెళ్ళారో.

ఈ నిర్వాహకుడి గురించి ప్రత్యేకంగా రాయాలి. మనం ఎంతసేపు చిక్కుకుపోయినా అతను జవాబు వైపు ఒక్క అడుగు కూడా వేయించడు, వచ్చి నిలబడి, "కార్డులో మీరు ఇంకా వాడుకోని షరతు ఏది?" అని మాత్రం అడుగుతాడు. నూటికి తొంభై సార్లు దారి తెరుచుకునేది ఆ ప్రశ్నతోనే. రెండో శనివారం అతను సెలవు పెడితే వచ్చిన మరో యువకుడు మంచివాడే గానీ, మనం సరైన మాటకు దగ్గరపడగానే అతని ముఖం వెలిగిపోయేది. నాలుగో కార్డు నుంచి మేము పజిల్ మానేసి అతని ముఖమే చదవసాగాం.

అచ్చు వేసిన క్లూలు మాత్రం బాగా లేవు. రాత్రివేళ వంతెన దాటే నలుగురి పజిల్ చాలామందికి తెలిసే ఉంటుంది: ఒకే దీపం, ఒకసారికి ఇద్దరే దాటాలి, దాటడానికి ఒకరికి 1 నిమిషం, మిగిలినవారికి 2, 5, 10 నిమిషాలు. వేగంగా నడిచే మనిషే అందరినీ దాటిస్తే 19 నిమిషాలవుతుంది, ఎవరైనా మొదట అక్కడే ఆగుతారు. నెమ్మదిగా నడిచే ఇద్దరినీ కలిపి పంపవచ్చని తోస్తే అది 17కు తగ్గుతుంది. పజిల్ ప్రాణమంతా అలా తోచడంలోనే ఉంది. ఇక్కడి మొదటి క్లూ కార్డు తీస్తే, 5నూ 10నీ కలిపి పంపండి అని రాసి ఉంది. అది క్లూ కాదు, జవాబుకు కట్టిన మారువేషం. మూడు మెట్లుగా క్లూలు పెట్టాలనుకున్నవారు మొదటి మెట్టును మేడమీదే కట్టారు.

ఇలాంటి చోట్ల పెద్ద చిక్కు ముందే జవాబు తెలిసినవాడితో. తెలిసి చెప్పేస్తే మిగిలినవారి సాయంత్రం పాడు, తెలియనట్టు నటిస్తే అతని ముఖం చూడలేం. దీనికి ఇక్కడ ఒక చక్కని కట్టుబాటు ఉంది. కార్డు చదవగానే జవాబు తెలిసినవారు నిర్వాహకుడి దగ్గర ఒక ఎర్రబిళ్ళ తీసుకుని ముందు పెట్టుకోవాలి, ఆ పజిల్ అయ్యేవరకు నోరు మెదపకూడదు. జవాబు తెలిసి కూడా చెప్పకపోతే తల వెయ్యి వక్కలవుతుందన్న భేతాళుడి షరతుకు ఇది సరిగ్గా తలకిందులు. మొదటి రోజే మా బావమరిదికి మూడు ఎర్రబిళ్ళలు దక్కాయి. పెదవులు బిగబట్టుకుని, మా తప్పుటడుగులు చూసి కళ్ళతో నవ్వుతూ, తన కాఫీ తానే తాగుతూ కూర్చున్నాడు. ఒక చిన్న సంగతి చెప్పాలి: వంతెన పజిల్ అయ్యాక, ఆ 17 నిమిషాల వరుస ఏదో చెప్పమని టీచరుగారు అడిగితే, అతనికి 17 అనే అంకె గుర్తుంది గానీ దీపాన్ని వెనక్కి ఎవరు తీసుకురావాలో గుర్తులేదు.

రెండో శనివారం జరిగిన సంఘటన కోసమే నిజానికి ఈ సమీక్ష రాయాలనిపించింది. 2015 ఏప్రిల్‌లో సింగపూర్ విద్యార్థుల గణిత పోటీ నుంచి బయటికి వచ్చి ప్రపంచమంతా పాకిన పుట్టినరోజు పజిల్ ఆ రోజు మా అయిదో కార్డు. పది తేదీలు ఇస్తారు. పుట్టినరోజు వాటిలో ఒకటి. ఒక స్నేహితుడికి నెల మాత్రమే, మరొకడికి తేదీ అంకె మాత్రమే తెలుసు. మొదటివాడు, "నాకు తెలియదు, కానీ నీకూ తెలియదని నాకు తెలుసు" అంటాడు. రెండోవాడు, "ముందు తెలియలేదు, ఇప్పుడు తెలిసింది" అంటాడు. మొదటివాడు, "అయితే నాకూ తెలిసింది" అంటాడు. ఒక్క కొత్త సమాచారం లేకుండా, ఎవరికి ఏమి తెలియదన్న దాని నుంచే జవాబు తేల్చాలి. ఇంత పొదుపైన పజిల్ నేను మరొకటి చూడలేదు. బావమరిది కార్డు చూడగానే ఎర్రబిళ్ళ తెచ్చుకున్నాడు.

మా కార్డు మీద ఉన్న తేదీలు ఇవి: మే 15, 16, 19, జూన్ 16, 17, జూలై 14, 16, ఆగస్టు 14, 15, 17. మేము ముగ్గురం ఇలా వెళ్ళాం. అంకె విన్న వెంటనే రెండోవాడికి పుట్టినరోజు తెలిసిపోవాలంటే ఆ అంకె జాబితాలో ఒక్కసారే రావాలి. అలా ఒక్కసారే వచ్చింది 19 మాత్రమే, అది మేలో ఉంది. రెండోవాడికి తెలియదని మొదటివాడు అంత గట్టిగా చెప్పగలిగాడంటే అతని దగ్గరున్న నెల మే కాదు. మిగిలిన మూడు నెలల్లో 14 రెండుసార్లు, 16 రెండుసార్లు, 17 రెండుసార్లు ఉన్నాయి. 15 ఒక్కసారే ఉంది. ఇప్పుడు తెలిసింది అని రెండోవాడు అన్నాడు కాబట్టి అంకె 15. జవాబు ఆగస్టు 15. స్వాతంత్ర్య దినం నాడు పుట్టాడన్నమాట అని నవ్వుకుని, అన్ని షరతులూ మళ్ళీ ఒకసారి సరిచూసుకుని, కవరు తెరిపించాం. లోపల జూలై 16 అని ఉంది.

మా బావమరిది ఎర్రబిళ్ళను బల్ల మీద టకటకమని కొట్టి, "మీరు దారి తప్పారని నాకు మొదటి నిమిషంలోనే తెలుసు బావా" అన్నాడు. ఇక మొదలైంది మా అగచాట్ల అరగంట. ఎక్కడ తప్పామో తెలియదు. ప్రతి మెట్టూ సరిగానే ఉంది. జూలై 16 నిజమనుకుని వెనక్కి వస్తే, 16 అనే అంకె మేలోనూ జూన్‌లోనూ జూలైలోనూ ఉంది, రెండోవాడు "ఇప్పుడు తెలిసింది" అనే వీలే లేదు. టీచరుగారు లాంటి మనిషి కూడా, "ఏమో, నాకే ఏదో అందడం లేదేమో" అనే దాకా వచ్చారు. అచ్చయిన జవాబు ముందు మనిషి తన బుద్ధిని ఎంత తొందరగా అనుమానిస్తాడో ఆ అరగంటలో చూశాను. చివరికి నాలోని టెస్టింగ్ ఉద్యోగి మేల్కొని, బావమరిదిని జవాబు అడగకుండా, అతను ఎప్పుడో బట్టీ పట్టిన తేదీల జాబితా మాత్రం చెప్పమన్నాడు. గుర్తు చేసుకుంటూ చెబుతూ జూన్ దగ్గరికి వచ్చేసరికి అతని గొంతు సన్నబడింది: జూన్ 17, 18. కార్డు మీద 18 బదులు 16 అచ్చయింది. అసలు జాబితాలో 18 కూడా ఒక్కసారే వస్తుంది కాబట్టి మొదటి మాటతో మేతో పాటు జూన్ కూడా తెగిపోతుంది. మిగిలిన అయిదు తేదీల్లోంచి 14 పోతుంది. చివరి మాటతో జూలై 16 ఒక్కటే నిలుస్తుంది. ఒక్క అంకె మారితే పజిల్ కూలిపోవాలి. ఇది కూలిపోలేదు, పక్కకు ఒరిగి మరో జవాబు మీద స్థిరంగా నిలబడింది. బావమరిది తనకు తెలిసిన పజిల్‌కు జవాబు చెప్పాడు, మేము ముందున్న పజిల్‌కు చెప్పాం.

ఆ రోజు ఉన్న యువకుడు తన ఫోన్లో అసలు ప్రశ్న వెతికి చూసి, ఒప్పుకుని, ఆ కార్డుకు పూర్తి మార్కులు వేసి, నష్టపరిహారంగా నలుగురికి రెండు ఫిల్టర్ కాఫీలు పంపాడు. బెంగళూరులో ఉన్నాం కాబట్టి బై-టూ చేసుకుని తాగేశాం. అయితే నా ఫిర్యాదు మాత్రం అలాగే ఉంది. హోటల్లో ఉప్పు ఎక్కువైతే నోటికి తెలుస్తుంది. ఇక్కడ తప్పు జరిగితే అది తిన్నవాడి తప్పులాగే కనిపిస్తుంది. ప్రతి కార్డునూ, దాన్ని ముందెన్నడూ చూడని మనిషి చేత ఒకసారి పూర్తిగా విప్పించి చూడకుండా బల్ల మీద పెట్టకూడదు.

మిగిలిన వివరాలు క్లుప్తంగా. కాఫీ బాగుంటుంది, శాండ్‌విచ్ మామూలు. కుర్చీలు గంటన్నర దాటాక నడుముకు తెలుస్తాయి. శనివారం ఆరు తర్వాత పాటల శబ్దం పెంచుతారు, ఆలోచించడానికి డబ్బు తీసుకునే చోట అది ఎందుకో నాకు అంతుబట్టలేదు; అడిగితే తగ్గిస్తారు. మెట్రో పర్పుల్ లైన్ మీద ఉన్నవారికి రాకపోకలు సులువు. మారతహళ్లి నుంచి రావలసిన మా కడప మిత్రుడు మాత్రం, తనను సాయంత్రం అయిదింటికల్లా చేర్చే దారి కనిపెట్టడమే అన్నింటికంటే కఠినమైన పజిల్ అంటాడు. పదేళ్ళలోపు పిల్లలతో వెళ్ళకండి, వాళ్ళకు తగిన కార్డులు లేవు. అలాగే ఇద్దరే వెళ్ళినా ఉపయోగం లేదు. ఒకరు తప్పు దారిలో ధీమాగా వెళ్తుంటే మూడోవారెవరైనా అడ్డుపడాలి.

గోడ మీద శకుంతలాదేవి బొమ్మ పెద్దదిగా ఉంది. ఆమె 1929లో ఈ ఊళ్ళోనే పుట్టారు, 2013లో ఈ ఊళ్ళోనే కన్నుమూశారు. 1980 జూన్ 18న లండన్ ఇంపీరియల్ కాలేజీలో 13 అంకెల సంఖ్యలు రెండింటిని మనసులోనే హెచ్చించి 28 సెకన్లలో లబ్ధం చెప్పారు. ఆమె స్వయంగా పజిళ్ల పుస్తకాలు కూడా రాశారు కాబట్టి ఆ బొమ్మ అక్కడ ఉండటం న్యాయమే. కానీ ఒక బిళ్ళను పట్టుకుని గంట సేపు కూర్చునే మాలాంటివాళ్ళను చూస్తూ ఆవిడ అలా నవ్వుతూ ఉండటం కాస్త ఇబ్బందిగా ఉంటుంది.

వెళ్ళేవారు తమ సొంత పజిల్ ఒకటి ఇచ్చి రావచ్చు, అచ్చు వేస్తే ఒకసారి రుసుము మాఫీ. టీచరుగారు పదకొండో శతాబ్దపు పావులూరి మల్లనదిగా ప్రచారంలో ఉన్న చదరంగం పద్యాన్ని ఇచ్చారు. అరవై నాలుగు గళ్ళలో మొదటి గడికి ఒకటి, తర్వాత గడిగడికీ రెట్టింపు చేసుకుంటూ పోతే మొత్తం 1,84,46,74,40,73,70,95,51,615 అవుతుంది. ఆ అంకెలన్నిటినీ శర అంటే అయిదు, శశి అంటే ఒకటి అంటూ మాటల్లో దాచి, ఒకట్ల స్థానం నుంచి వెనక్కి చెప్పుకుంటూ పోతుంది ఆ పద్యం. పద్యం ఇచ్చి సంఖ్య రాబట్టమనడం మంచి పజిలే గానీ, ఇంగ్లీషు కార్డులో దాన్ని ఎలా ఇమడ్చాలో నిర్వాహకుడు ఇంకా ఆలోచిస్తున్నాడు.

మూడో శనివారం వెళ్ళగానే, పుట్టినరోజు కార్డు దిద్దారా అని అడిగాను. పాత నిర్వాహకుడు తిరిగి వచ్చాడు, దిద్దామని చెప్పి తెచ్చి చూపించాడు. కార్డు మీద జూన్ 16 అలాగే ఉంది. కవరు లోపలి జవాబును మాత్రం కొట్టేసి, పెన్నుతో ఆగస్టు 15 అని రాశారు. ఇదేమిటని అడిగితే, వారం మధ్యలో తేదీ దిద్దబోతుండగానే ఒక బల్లవాళ్ళు కార్డు పూర్తిగా చదవకుండా జూలై 16 అని చెప్పేసి మార్కులు అడిగారని, అప్పుడు జవాబునే దిద్దడం మేలనిపించిందని చెప్పాడు. ఆ రోజు మా ఆరు కార్డుల్లో కనీసం నాలుగు మా బావమరిదికి తెలిసినవే అయి ఉండాలి. అతను ఒక్కసారి కూడా ఎర్రబిళ్ళ అడగలేదు.